ప్రేయర్‌లో పిల్ల కళ్లు తిరిగి పడిపోయింది, వాళ్లమ్మతో ఎలా మాట్లాడాలి?

సైన్స్‌టీచర్_పొదిలి · జనవరి 27, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. పొదిలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో సైన్స్ చెబుతాను. ఇన్నాళ్లూ ఇక్కడ చదవడమే గానీ రాసింది లేదు. ఈ రోజు రాయకుండా ఉండలేకపోయాను.

పొద్దున ప్రేయర్‌లో ప్రతిజ్ఞ సగంలో ఉండగా తొమ్మిదో తరగతి అమ్మాయి నిలబడ్డ చోటే కూలబడిపోయింది. ఎత్తుకుంటే చేతులు చల్లగా ఉన్నాయి. కింది కనురెప్ప లాగి చూస్తే లోపల ఎరుపు లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. స్టాఫ్ రూంలో పడుకోబెట్టి, కాస్త తేరుకున్నాక "ఏం తిన్నావమ్మా" అని అడిగితే రాత్రి కూడా తినలేదంది. ఇంటి ఫోన్ నంబరు కోసం డైరీ తీద్దామని బ్యాగు తెరిచాను. జామెట్రీ బాక్సులో నీలం రంగు మాత్రలు ఆరున్నాయి. వారం వారం మేమిచ్చే ఐరన్ మాత్రలే. మా ఎదుట నీళ్లు మాత్రం తాగి, మాత్రను గుప్పిట్లో దాచుకునేదట. ఆ పక్కనే చిన్న కవర్లో గుప్పెడు పచ్చి బియ్యం.

ఈ పిల్ల గురించి పోయిన నెల స్టాఫ్ మీటింగులో ఏమనుకున్నామో చెబుతాను. "బద్ధకం. క్లాసులో కునుకు. అడిగితే బదులు చెప్పదు. పొగరు." నేనూ తలూపాను. ఏటా రక్తహీనత పాఠం చెప్పే మనిషిని, ఎదురుగా రెండో బెంచీలో కూర్చున్న పిల్ల ముఖంలో అది చూడలేకపోయాను.

శనివారం తల్లిదండ్రుల మీటింగు ఉంది. వాళ్లమ్మ వస్తే ఏం చెప్పాలి? తప్పు పట్టినట్టు ఉండకూడదు, అలాగని విని మర్చిపోయేలా కూడా ఉండకూడదు. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఊరి_ఏఎన్ఎం · జనవరి 27, రాత్రి 9:50

మేడమ్, మాది దర్శి వైపు. మీటింగు దాకా ఆగకుండా ముందు ఆ పిల్లకు రక్త పరీక్ష చేయించండి. పీహెచ్‌సీలో హిమోగ్లోబిన్ చూస్తారు. ఆ వయసు ఆడపిల్లకు 12 గ్రాములు ఉండాలి. బాగా తక్కువగా ఉంటే వారానికో మాత్ర చాలదు, డాక్టరు చెప్పినన్నాళ్లు రోజూ వేసుకోవాల్సి వస్తుంది.

ఆ బియ్యం కవరు చాలా ముఖ్యమైన గుర్తు. రక్తం తక్కువైన పిల్లలకు బియ్యం, బలపాలు, సుద్దముక్కలు, మట్టి తినాలనిపిస్తుంది. మన ఇళ్లల్లో "బియ్యం తింటే పెళ్లిలో వాన పడుద్ది" అని నవ్వి ఊరుకుంటారు. అమ్మలకు ఈ ఒక్క మాట చెప్పినా చాలు, సగం మంది ఇంటికెళ్లి తమ పిల్లను పరీక్షగా చూస్తారు.

మాత్ర ఎందుకు దాచుకుంటారో నేను చాలామంది పిల్లల్ని అడిగాను. ఖాళీ కడుపున వేసుకుంటే వికారం వస్తుంది. మర్నాడు దొడ్డికి నల్లగా అవుతుంది, అది చూసి హడలిపోతారు, సిగ్గుతో ఎవరికీ చెప్పరు. పైగా ఎవరో ఒకరు "అది పిల్లలు పుట్టకుండా ఇచ్చే మాత్ర" అని పుకారు పుట్టిస్తారు. నలుపు ఇనుము వల్లే, దానివల్ల ఏ హానీ లేదు. నీలం మాత్రలో ఉండేది 60 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్, అంతే. ప్రేయర్ దగ్గర ఇవ్వకండి. మధ్యాహ్న భోజనం అయ్యాక, మీరు కూడా పక్కన కూర్చుని ఇవ్వండి.

ఇంకొకటి, టీ. మన వైపు పిల్లలు పొద్దున్నే టీలో బిస్కెట్లు ముంచుకుని అదే టిఫిన్ అనుకుని వస్తారు. అన్నంతో పాటో, తిన్న వెంటనేనో టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. కనీసం గంట ఎడం ఉండాలి. అదే పప్పులోకి నిమ్మకాయ పిండుకున్నా, ఓ ఉసిరికాయ తిన్నా బాగా పడుతుంది. తోటకూర, మునగాకు, రాగి సంకటి, వేరుశనగ ఉండ, ఇవేవీ కొత్తగా నేర్పాల్సినవి కావు. ఫిబ్రవరి 10న నులిపురుగుల మాత్ర కూడా ఇస్తారు కదా, అది మింగకుండా నమిలి తినేలా చూడండి. కడుపులో పురుగులుంటే ఎంత తిన్నా రక్తం నిలవదు.

రిటైర్డ్_మాస్టారు_కావలి · జనవరి 28, ఉదయం 6:05

అమ్మా, మీ ఆవేదన అర్థమైంది. కానీ నాదొక మాట. ముప్పై నాలుగేళ్లు పాఠం చెప్పినవాణ్ని. ఈ కాలం పిల్లలకు పెద్దలంటే భయం పోయింది. ఇచ్చిన మాత్రను దాచడం అబద్ధమాడటమే. ఇంట్లో అమ్మ మాట వినరు, బడిలో టీచరు మాట వినరు. మంచి అలవాట్లు, నడవడిక అనేవి చిన్నప్పుడే కాస్త గట్టిగా చెప్పి నేర్పాలి. అన్నీ జబ్బుల ఖాతాలో వేసి వదిలేస్తే రేపు వాళ్లకే నష్టం.

బ్యారన్_రైతు · జనవరి 28, ఉదయం 7:30

టీచరమ్మా, ఒక్క ప్రశ్న. ఆ పిల్ల పొద్దున్నే పొగాకు పనికి వెళుతోందా? కనుక్కోండి.

మాది కొండపి వైపు. ఇరవై ఏళ్లుగా బ్యారన్, అంటే పొగాకు ఆకును వేడితో ఆరబెట్టే కొట్టు, పెడుతున్నాను. ఈ నెలల్లో పచ్చాకు కోత, కర్రలకు అల్లడం, క్యూరింగ్ అన్నీ ఒక్కసారే మీద పడతాయి. తెల్లారుజామున ఆకు మీద మంచుంటుంది. ఆ తడి ఆకును ఒట్టి చేతులతో పట్టుకుంటే నికోటిన్ చర్మం గుండానే ఒంట్లోకి దిగుతుంది. తల తిరుగుతుంది, వాంతి వచ్చినట్టుంటుంది, ఆకలి చచ్చిపోతుంది. పెద్దవాళ్లం మేమే తట్టుకోలేం. మా పెద్దమ్మాయి ఏడో తరగతిలో ఉన్నప్పుడు సాయానికి వచ్చి ఇలాగే పడిపోయింది. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీశాం. తర్వాత డాక్టరు చెబితే గానీ తెలియలేదు. ఆ రోజు నుంచి పిల్లల్ని బ్యారన్ దరిదాపులకు రానివ్వను, కూలికి వచ్చినవాళ్ల పిల్లల్ని కూడా. పెద్దవాళ్లు పొడుగు చేతుల చొక్కా వేసుకోవాలి, పని కాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

సైన్స్‌టీచర్_పొదిలి · జనవరి 28, సాయంత్రం 5:20

అన్నా, మీరు అడిగినదే నిజం. నాలుగున్నరకు లేచి అమ్మతో వెళ్లి ఏడున్నర దాకా ఆకు అల్లి, ఇంటికొచ్చి స్నానం చేసి బడికి పరిగెత్తుకొస్తుందట. అరచేతులు చూపించింది. వేళ్ల మధ్య నల్లటి జిగురు, సబ్బుతో రుద్దినా పోవట్లేదట. ఆ చేతుల్ని నోటుపుస్తకం కింద దాచుకునేది. రాత కుదురుగా లేదని నేను చాలాసార్లు కోప్పడ్డాను.

నాన్న లేడు. తమ్ముడు ఆరో తరగతి. రాత్రి అమ్మ వచ్చేసరికి తొమ్మిదవుతుంది, అప్పటికి ఈ పిల్ల వండి తమ్ముడికి పెట్టి నిద్రపోతుంది. "నువ్వెందుకు తినవు" అంటే, "ఒక్కదాన్నే తినబుద్ధి కాదు మేడమ్" అంది.

కనిగిరి_కుర్రాడు · జనవరి 28, రాత్రి 10:15

మాస్టారూ, మిమ్మల్ని తప్పు పట్టడానికి రాయడం లేదు. నా సంగతి చెబుతాను, వినండి.

నేను కనిగిరి దగ్గర బోరు నీళ్లు తాగి పెరిగాను. పాలపళ్లు ఊడి కొత్త పళ్లు వచ్చేటప్పటికే వాటి మీద సుద్ద రాసినట్టు తెల్లటి మచ్చలు, తర్వాత గోధుమరంగు గీతలు. ఏడో తరగతిలో ఒకడు "పళ్లు తోముకోవురా నువ్వు" అన్నాడు. ఆ రోజు నుంచి పదో తరగతి అయ్యేదాకా నేను బడిలో నోరు తెరిచి నవ్వలేదు. టీచరు ప్రశ్న అడిగితే జవాబు తెలిసినా లేచి చెప్పేవాణ్ని కాదు. చుట్టాలొస్తే గదిలోకి వెళ్లిపోయేవాణ్ని. నాకు వచ్చిన పేర్లు: మూగోడు, పొగరుబోతు, పెద్దలంటే గౌరవం లేనోడు. ఇసుకతో, ఉప్పుతో, ఒకసారి ఇటుకపొడితో కూడా తోమాను. చిగుళ్ల నుంచి రక్తం వచ్చింది గానీ మచ్చ కదల్లేదు.

కనిపెట్టింది మా అక్క. అన్నం తినేటప్పుడు ఎడమచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటున్నానని గమనించింది. ఏమీ అడగలేదు. సెలవుల్లో ఒంగోలులో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే వచ్చేది ఇది, చిగుళ్ల లోపల పళ్లు తయారయ్యే వయసులోనే, అంటే ఎనిమిదేళ్ల లోపే పడిపోయే మచ్చ, తోమకపోవడం వల్ల వచ్చింది కాదని ఆయన చెబుతుంటే నేను అక్కడే ఏడ్చేశాను. నా తప్పు కాదని చెప్పిన మొదటి మనిషి ఆయనే.

చిన్నపిల్లలున్న ఇళ్లకు ఒక మాట. నీళ్లు కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందనుకుంటారు. పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దిక్కు లేకపోతే 1.5 దాకా సర్దుకోవచ్చని మన దేశ ప్రమాణం. బోరు నీళ్లు పరీక్ష చేయించుకోండి, తాగడానికీ వంటకీ కూడా శుద్ధి చేసిన నీళ్లే వాడండి. వంటకు బోరు నీళ్లు వాడి తాగడానికి మాత్రం క్యాన్ తెచ్చుకునే ఇళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నాయి.

రిటైర్డ్_మాస్టారు_కావలి · జనవరి 29, ఉదయం 5:40

నాయనా, నీ ఉత్తరం రాత్రి రెండుసార్లు చదివాను. నిద్ర పట్టలేదు.

మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మొట్టమొదట శాస్త్రీయంగా రాసింది 1937లో, అదీ మీ ప్రాంతం గురించే. అప్పట్లో పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో మా నెల్లూరు జిల్లా కిందే ఉండేవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డప్పుడు అటు వెళ్లాయి. ఈ విషయం క్లాసులో చెప్పిన వాణ్ణే. చెప్పాను గానీ, నా క్లాసులో నోరు విప్పని పిల్లవాడి పళ్లు ఎలా ఉన్నాయో ఎప్పుడైనా చూశానా అని ఇప్పుడు గుర్తు తెచ్చుకుంటున్నాను.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఒకబ్బాయి ఎప్పుడూ పక్కవాడి పుస్తకంలోకి తొంగిచూసి రాసేవాడు. కాపీ అని బెత్తంతో కొట్టాను, అందరి ముందు. ఆ తర్వాత సంవత్సరం వాడు కళ్లద్దాలతో వచ్చాడు. వాడికి బోర్డు కనిపించేది కాదు. కనిపించట్లేదని చెప్పడానికి కూడా వాడికి నా దగ్గర ధైర్యం చాలలేదు. భయం ఉండాలని నిన్న రాశాను కదా, ఆ భయం చేసిన పని అది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

నెల్లూరు_అమ్మ · జనవరి 29, మధ్యాహ్నం 2:30

మాది నెల్లూరే, కానీ మా అబ్బాయి హాస్టల్లో ఉంటాడు, ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీ పేరెందుకులెండి. ఆదివారం పది నిమిషాలు ఫోన్ ఇస్తారు. ఆ పది నిమిషాల్లో నేను మొదట అడిగేది "ఈ వారం టెస్టులో ఎన్నొచ్చాయి". వాడు చెప్పేవాడు, నేను ఇంకా రావాలనేదాన్ని, టైం అయిపోయేది. దసరాకు ఇంటికొస్తే ముక్తసరిగా మాట్లాడేవాడు, ప్రతిదానికీ విసుగు. వాళ్ల నాన్న "చదువు ఎక్కువైంది, మర్యాద తగ్గింది" అన్నారు.

సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక రోజు పద్నాలుగు గంటలు పడుకున్నాడు. భయమేసి పక్కన కూర్చుని తల నిమురుతుంటే నిద్రలోనే "స్టడీ అవర్‌కి లేటైందా" అన్నాడు. అప్పుడు అడిగాను, రోజుకు ఎంతసేపు పడుకుంటావు నాన్నా అని. ఐదు గంటలట. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటలు కావాలని డాక్టర్లు చెబుతుంటే, అందులో సగం!

వార్డెన్‌తో మాట్లాడాం, గొడవ పడకుండానే. రాత్రి చదువు ఒక గంట తగ్గించారు, మా వాడికొక్కడికే కాదు, ఆ గదిలో అందరికీ. ఇప్పుడు ఆదివారం ఫోన్లో మొదటి ప్రశ్న "ఏం తిన్నావు, ఎట్టా నిద్రపోయావు". మార్కులు వాడే చెబుతాడు. మనసు బాగోలేని పిల్లలుంటే 14416కు ఫోన్ చేయొచ్చు, టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ అడగరు. ఆ నంబరు వాడి పుస్తకం అట్ట లోపల రాసిచ్చాను.

క్వారీ_నాన్న · జనవరి 29, రాత్రి 9:45

నేను చీమకుర్తి క్వారీలో మెషీన్ ఆపరేటర్ని. టీచరమ్మగారు అడిగింది మీటింగులో ఎలా మాట్లాడాలని కదా. వినే వైపు నుంచి నేను చెబుతాను.

మొదటి సంగతి, మీటింగు పగలు పెడితే మాలాంటోళ్లం రాలేం. ఒక పూట కూలి పోతుంది. రాకపోతే "పిల్లల మీద శ్రద్ధ లేదు" అంటారు. సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి, వస్తారు.

రెండోది, అందరి ముందూ మా పిల్లల తప్పులు చదవొద్దు. పోయినేడాది మా వాడి సంగతి అలాగే నలభై మందిలో చెప్పారు. ఇంటికెళ్లి కొట్టాను. వాడు చేసింది చిన్న తప్పే, నా పరువు పోయిందని కొట్టాను. ఆ దెబ్బ తర్వాత వాడు నాతో నెల రోజులు మాట్లాడలేదు.

మళ్లీ ఎట్టా కలిశామంటే, అన్నం దగ్గర. నేను ఇంటికొచ్చేసరికి పిల్లలిద్దరూ చెరో ఫోన్ పట్టుకుని తినేసి పడుకునేవాళ్లు. మా ఆవిడ ఒక రోజు ఎనిమిదింటికి ఫోన్లు రెండూ, నాది కూడా, బీరువాలో పెట్టి తాళం వేసింది. అందరికీ ఒకే పళ్లెంలో సంకటి పెట్టి ముద్దలు చేతిలో పెట్టింది, మా అమ్మ పెట్టినట్టు. మొదటి నాలుగు రోజులు ఎవరం మాట్లాడలేదు. ఐదో రోజు చిన్నది "నాన్నా, నీ చేతి మీద ఆ దెబ్బ ఎప్పుడు తగిలింది" అంది. బ్లేడు తగిలి రెండు నెలలైంది, ఎవరికీ చెప్పలేదు. ఆ పిల్ల పసుపు తెచ్చింది. ఆ పక్కన మా వాడు లేచి నీళ్లు తెచ్చిపెట్టాడు, ఎవరూ చెప్పకుండానే.

కలిగిరి_పెద్దాయన · జనవరి 30, ఉదయం 8:00

మాది దూబగుంటకు పక్క ఊరు. 1992లో సారా వ్యతిరేక ఉద్యమం కళ్లారా చూసినవాణ్ని. దాన్ని ముందుండి నడిపిన వర్ధినేని రోశమ్మ గారి పేరు మీరంతా వినే ఉంటారు. ఊళ్లో అక్షరదీపం రాత్రి బడి నడిచేది. కూలి పనికి వెళ్లొచ్చిన ఆడవాళ్లు లాంతరు పెట్టుకుని అక్షరాలు దిద్దుకునేవాళ్లు. సారా వల్ల ఒక ఆడమనిషి సంసారం ఎలా కూలిందో వాళ్ల వాచకంలో పాఠముండేది. అది చదివి "ఇది మా ఇంట్లో కథే కదా" అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. అక్కణ్ణుంచి సారా పాకల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధించారు.

మా ఇంట్లో ఏం జరిగిందో కూడా చెబుతాను. మా అన్న తాగేవాడు. వాళ్ల పిల్లలు సాయంత్రం అయ్యేసరికి మంచం కిందికి దూరేవాళ్లు. ఆ పిల్లలకు బడిలో "మొద్దులు" అని పేరు. ఊళ్లో పాక లేచిపోయాక, ఆరు నెలలకు అందులో పెద్దోడు ఎక్కాలు అప్పజెప్పాడు. పిల్లాడు మారలేదు తల్లీ, వాడికి సాయంత్రాలు దొరికాయి.

మీ మీటింగుకు నాకు తోచింది ఇది. మీరు బల్ల వెనక కూర్చుని చెబితే ఉపన్యాసం అవుతుంది. ఆడవాళ్లను చాపల మీద గుండ్రంగా కూర్చోబెట్టండి, మీరూ కింద కూర్చోండి. ఏఎన్ఎం అమ్మాయి చెప్పిన బియ్యం సంగతి ఎత్తండి. తర్వాత ఊరుకోండి. ఒకామె నోరు తెరిస్తే చాలు.

ఊరి_ఏఎన్ఎం · జనవరి 30, ఉదయం 8:40

పెద్దాయన చెప్పినట్టే చేయండి మేడమ్. హిమోగ్లోబిన్ చూసే కిట్టుతో మీ ఊరి ఏఎన్ఎంను కూడా పిలవండి. పిల్లకే కాదు, వచ్చిన తల్లులకు కూడా చూడమనండి.

సైన్స్‌టీచర్_పొదిలి · ఫిబ్రవరి 8, రాత్రి 10:05

ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీటింగును సాయంత్రం ఆరున్నరకు మార్చమని హెచ్ఎం గారిని అడిగితే ఒప్పుకున్నారు. ఎప్పుడూ పదిహేను మంది వచ్చేవాళ్లు, ఈసారి యాభై దాటారు. చాపలు చాలక బడి బ్యానర్లు పరిచాం.

నేను బియ్యం సంగతి ఎత్తాను. పెళ్లిలో వాన అనగానే అందరూ నవ్వారు. నవ్వు ఆగాక నేనేమీ మాట్లాడలేదు. కాసేపటికి ఆ పిల్ల వాళ్లమ్మ, వెనక వరుసలో గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి, మెల్లగా కొంగు ముడి విప్పింది. అందులో బియ్యం. "నేను కూడా తింటానమ్మా, ఇది కడుపులో ఉన్నప్పటి నుంచీ" అంది. పక్కనున్న ఇద్దరు కొంగు సర్దుకున్నారు. తర్వాత ఒక్కొక్కరే చెప్పడం మొదలుపెట్టారు, బలపాలు, కాల్చిన మట్టి, తట్టుకోలేని నడుం నొప్పి, సాయంత్రం అయ్యేసరికి కళ్లు మసకలు.

ఏఎన్ఎం గారు అక్కడే అందరికీ చూశారు. పిల్లకు 8.4. తల్లికి 7.9. ఇద్దరినీ మర్నాడే పీహెచ్‌సీకి పంపాం, డాక్టరు మందులు రాశారు, నెలకు మళ్లీ రమ్మన్నారు. బ్యారన్ యజమాని ఆ రోజు మీటింగుకు వచ్చి ఉన్నాడు, వాళ్లబ్బాయి మా బళ్లోనే చదువుతున్నాడు. ఇక్కడ కొండపి అన్న రాసింది చదివి వినిపించాను. పిల్లను పనికి తీసుకురావద్దన్నాడు, అమ్మకు పని రాత్రి ఏడుకే ముగిసేలా చూస్తానన్నాడు. ఇప్పటికి వారమైంది, మాట తప్పలేదు.

నిన్న వాళ్లింటికి వెళ్లాను. గోడకున్న క్యాలెండర్ మీద ప్రతి తేదీ పక్కన రెండు గీతలున్నాయి, ఒకటి అమ్మది, ఒకటి కూతురిది. అన్నం తిన్నాక ఇద్దరూ కలిసి మాత్ర వేసుకుని పెన్నుతో గీస్తారట. తమ్ముడు కూడా తనకో గీత కావాలని గొడవ చేస్తే, వాడికి ఉసిరికాయ తిన్న రోజు చుక్క పెడుతున్నారు. నన్ను తినమని కూర్చోబెట్టారు. తోటకూర పప్పు, నిమ్మకాయ. ఆ పిల్ల నాకంటే ముందు తన పళ్లెం కడిగేసుకుని, "మేడమ్, టీ ఇప్పుడే పెట్టకూడదు కదా, గంటాగాలి" అంది.

సోమవారం నులిపురుగుల మాత్రల రోజు. ఊరి ఏఎన్ఎం గారూ, ఒక సందేహం. రోజూ ఐరన్ వేసుకుంటున్న పిల్లకు ఆ రోజు రెండూ ఇవ్వొచ్చా, ఎడం పెట్టాలా?

ఊరి_ఏఎన్ఎం · ఫిబ్రవరి 8, రాత్రి 10:20

మీ పీహెచ్‌సీ డాక్టరుగారిని ఒక మాట అడిగి ఇవ్వండి మేడమ్, ఆ పిల్ల చీటీ ఆయన దగ్గరే ఉంది. భోజనం అయ్యాకే ఇవ్వండి, నమిలే దాకా పక్కనే ఉండండి. వాళ్ల తమ్ముణ్ణి మర్చిపోకండి.